పాత మోటార్ సైకిళ్లు: కొనే ధర, నిలుపుకొనే ఖర్చు, వదులుకోలేని ఆకర్షణ

కొండవీడు (గుంటూరు)

నమస్కారం. పాత బళ్లను ఏళ్ల తరబడి నిలుపుకొంటూ వస్తున్నవారు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక, ఒక నిర్ణయానికి ముందు మీ అందరి సలహా తీసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. 1970ల చివరి నుంచి 1980ల మధ్య వరకు తయారైన కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్ 350 గానీ, అదే కాలపు యెజ్డీ 250 గానీ ఒకటి కొనాలని ఉంది. రోజూ ఆఫీసుకు తిప్పే ఉద్దేశం లేదు. వారానికి ఒకసారి కొండవీడు ఘాట్ రోడ్డుకో, అమరావతికో వెళ్లి రావడానికి, వీలైతే ఏడాదిలో ఒకటి రెండు దూర ప్రయాణాలకు మాత్రమే. మొత్తం మీద 2 లక్షల వరకు పెట్టగలను.

నా సందేహాలు మూడు. కొన్న ధర కాక మరమ్మతులకు, ఆ తర్వాత ఏటా పోషణకు నిజంగా ఎంత అవుతుంది? కాగితాల విషయంలో ఏమేం చూసుకోవాలి? మూడోది ఇంట్లోవాళ్లు అడుగుతున్నది: వారంటీతో సహా కొత్త క్లాసిక్ 350 షోరూములో దొరుకుతుండగా, 40 ఏళ్ల నాటి బండి మీద అంత డబ్బు ఎందుకు పెట్టాలి? ఈ చివరి ప్రశ్నకు నా మనసులో సమాధానం ఉంది గానీ, దాన్ని మాటల్లో పెట్టి వాళ్లను ఒప్పించలేకపోతున్నాను.

రాణిగంజ్ పాతవాసి (సికింద్రాబాద్)

కొండవీడు గారూ, 2 లక్షలు సరిపోతాయి, అయితే అందులో సగానికి మించి బండి కొనడానికే పెట్టవద్దు. నా 1981 బుల్లెట్ లెక్క దాచకుండా చెబుతాను. కొన్న ధర 1,10,000. ఇంజన్ దించి పూర్తిగా విప్పించి, బోరు చేయించి కొత్త పిస్టన్, కనెక్టింగ్ రాడ్ బుష్, వాల్వులు, గైడ్లు, ఆయిల్ పంపులు వేయించినందుకు లేత్ పని, కూలీలతో కలిపి 40 వేలకు దగ్గరగా అయింది. వైరింగ్ మొత్తం మార్పించడానికి 5 వేలు, టైర్లకు, ట్యూబులకు, చక్రాల స్పోకులు బిగించడానికి 9 వేలు, రిమ్ములకు, హ్యాండిల్‌కు, సైలెన్సర్‌కు క్రోమ్ పూత వేయించడానికి 14 వేలు, పెయింటుకు, ట్యాంకు మీద చేత్తో గీయించిన బంగారు గీతలకు 12 వేలు. అంటే కొన్న తర్వాత పెట్టింది 80 వేలు. ఆ మీదట ఆయిల్, పాయింట్లు (స్పార్కు సమయాన్ని నిర్ణయించే చిన్న స్విచ్చు), కేబుళ్లు, చైను, బ్రేకు షూలు వంటివాటికి ఏడాదికి 10 నుంచి 12 వేలు అవుతున్నాయి. నేను తక్కువే తిప్పుతాను. ఎక్కువ తిప్పేవారికి ఈ మొత్తం పెరుగుతుంది.

ధర అడిగేటప్పుడు చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. పాత బండిలో అరిగిపోయిన భాగాలకన్నా, ఇంతకుముందు ఎవరో తోచినట్టు చేసిన మరమ్మతులే ఎక్కువ ఖర్చు పెట్టిస్తాయి. మర చెడిపోయిన చోట పెద్ద బోల్టు కొట్టి దించడం, గాస్కెట్ బదులు పేస్టు దట్టంగా పూయడం, ఒక సంవత్సరం ఇంజన్‌కు మరో సంవత్సరం గేరుబాక్సు తగిలించడం వంటివి బండిని విప్పేదాకా బయటపడవు. అందుకే తళతళలాడే పెయింటు ఉన్న బండి కన్నా, రంగు వెలిసిపోయినా ఒకే ఇంట్లో పెరిగిన బండిని నేను ఇష్టపడతాను.

ఇక ఆకర్షణ సంగతి. ఆ ఇంజన్ 346 సి.సి., బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 90 మిల్లీమీటర్లు. స్ట్రోకు అంత పొడవు, ఫ్లైవీల్ అంత బరువు ఉండటం వల్లనే అది నెమ్మదిగా తిరుగుతూ కూడా లాగగలుగుతుంది, ఒక్కొక్క దెబ్బ మన చెవికి విడివిడిగా వినిపిస్తుంది. 1950ల తొలినాళ్లలో మన సైన్యం సరిహద్దు గస్తీకి 800 బళ్లు ఆర్డరు ఇవ్వడం, 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడటం, 1962 నాటికి భాగాలన్నీ ఇక్కడే తయారు కావడం, ఇవన్నీ ఆ ఒక్క ఇంజన్ చుట్టూ జరిగిన చరిత్ర. ఇంగ్లాండులోని అసలు రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ రెడిచ్ ఫ్యాక్టరీ మూతపడినా బండి మాత్రం మద్రాసు తిరువొత్తియూరులో బతికింది.

స్టార్ట్ చేయడం కూడా నేర్చుకోవలసిన పనే. తాళం తిప్పి, కిక్కు రాడ్డును కాలితో మెల్లగా నొక్కుతూ హెడ్‌లైటు మీది ఆంపియర్ మీటరును చూడాలి. ముల్లు మైనస్ వైపు నుంచి మధ్యకు తిరిగి వచ్చిందంటే పాయింట్లు తెరుచుకున్నాయని, పిస్టన్ కంప్రెషన్ దగ్గరికి చేరిందని అర్థం. అప్పుడు ఎడమ చేతి కింద ఉండే, సిలిండర్‌లోని ఒత్తిడి వదిలే డీకంప్రెసర్ లివర్ లాగి, పిస్టన్‌ను పై అంచు నుంచి కొంచెం దాటించి, లివర్ వదిలేసి, రాడ్డును పైకి రానిచ్చి ఒక్క పూర్తి తొక్కు తొక్కాలి. బలం అక్కర్లేదు, వరస తప్పకపోతే చాలు. మా ఇంట్లో 60 కిలోల బరువు కూడా లేని మా అమ్మాయి ఒక్క కిక్కుతో స్టార్ట్ చేస్తుంది. యంత్రం లోపల ఏం జరుగుతోందో మనిషికి తెలియజేసే బండి అది. కొత్త బండి మంచిదే, నేను కాదనను, కానీ అది తన లోపలి సంగతి మనతో పంచుకోదు. మీ ఇంట్లో అడిగిన ప్రశ్నకు నా సమాధానం ఇదే.

మైసూరు దారి (అనంతపురం)

బుల్లెట్ గురించి పాతవాసి గారు చెప్పిన తర్వాత నేను చేర్చేది ఏమీ లేదు కనుక యెజ్డీ సంగతి చెబుతాను. మైసూరు మహారాజు జయచామరాజ వడయారు ప్రోత్సాహంతో ఐడియల్ జావా ఫ్యాక్టరీ ఏర్పడి 1961లో బళ్లు తయారు చేయడం మొదలుపెట్టింది. 1973లో యెజ్డీ పేరు వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. అంటే మీరు కొనబోయే బండికి అసలు కంపెనీ విడిభాగాలు తయారు కావడం ఆగిపోయి దాదాపు 30 ఏళ్లు. 2018లో జావా పేరు, 2022లో యెజ్డీ పేరు మళ్లీ మార్కెట్లోకి వచ్చాయి గానీ, ఆ కొత్త నాలుగు స్ట్రోకుల బళ్ల భాగం ఒక్కటి కూడా మన పాత బండికి పనికిరాదు.

అయినా భయపడనక్కర్లేదు. పాత యెజ్డీది రెండు స్ట్రోకుల ఇంజన్, అందులో వాల్వులు లేవు, క్యామ్ లేదు, ఆయిల్ పంపు లేదు. పెట్రోలులోనే లీటరుకు 40 మిల్లీలీటర్ల లెక్కన టూ-టీ (రెండు స్ట్రోకుల ఇంజన్) ఆయిల్ కలిపి పోస్తాం. ఒకే సిలిండర్ నుంచి రెండు సైలెన్సర్లు, స్టార్ట్ చేసిన కిక్కు రాడ్డే ముందుకు మడిస్తే గేరు రాడ్డు కావడం చూసి పిల్లలు ఇప్పటికీ ఆగి అడుగుతారు. పిస్టన్లు, రింగులు, క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు మైసూరు, బెంగళూరు దుకాణాల నుంచి కొరియర్‌లో వస్తాయి. మొత్తం ఇంజన్ పని నాకు 22 వేలలో అయింది, బుల్లెట్‌తో పోలిస్తే సగమే.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త అవసరం. క్రాంక్‌కు (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు) రెండు వైపులా ఉండే ఆయిల్ సీళ్లు గట్టిపడిపోతే, క్లచ్ వైపు సీలు నుంచి గేరుబాక్సు ఆయిల్ ఇంజన్‌లోకి వచ్చి పొగ కక్కుతుంది. డైనమో వైపు సీలు పోతే అంతకన్నా ప్రమాదం. గాలి దొంగదారిన లోపలికి వచ్చి మిశ్రమం పలచబడి, ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. సీళ్ల ఖరీదు కొన్ని వందలే, కానీ అవి మార్చడానికి ఇంజన్ విప్పాలి, కనుక ఎప్పుడు విప్పినా సీళ్లు కొత్తవి వేయించకుండా మూయించవద్దు.

సాగరతీరం (విశాఖపట్నం)

యమహా ఆర్ఎక్స్ 100 కూడా మీ ఆలోచనలో చేర్చుకోండి. 98 సి.సి., 11 హార్స్ పవర్, 100 కిలోలు దాటితే కొంచెమే దాటే బరువు. 1985 నుంచి 1996 వరకు వచ్చిన బండి కనుక మరీ పాతది కాదు, మెకానిక్ లేని ఊరు లేదు. ధర మాత్రం ఏటేటా పెరుగుతోంది. నేను 45 వేలకు కొన్న బండికి ఇప్పుడు లక్షకు పైగా ఇస్తామని అడుగుతున్నారు. ఒకరకంగా బంగారం కొన్నట్టే కదా అని మా నాన్నగారే అన్నారు.

పద్దుల పుస్తకం (హైదరాబాద్)

సాగరతీరం గారి ఆనందాన్ని తగ్గించాలని కాదు గానీ, పాత బండిని పెట్టుబడిగా చూపించి ఇంట్లోవాళ్లను ఒప్పించే పద్ధతికి నేను వ్యతిరేకిని, ఎందుకంటే ఆ లెక్క నిలబడదు. కొండవీడు గారు బండికి, మరమ్మతులకు కలిపి 2 లక్షలు పెట్టారనుకుందాం. అదే సొమ్ము 7 శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే 10 ఏళ్లకు సుమారు 3.93 లక్షలు అవుతుంది. ఏటా పోషణకు పెట్టే 10 వేలు కూడా అలాగే వేసుకుంటూ వెళితే మరో 1.38 లక్షలు. అంటే 10 ఏళ్ల తర్వాత ఆ బండి 5.3 లక్షలకు అమ్ముడుపోతే తప్ప మీరు సమానంగా బయటపడినట్టు కాదు. అంత ధర పలికే బళ్లు లేకపోలేదు, మంచి స్థితిలో ఉన్న రాజ్‌దూత్ 350 హెచ్‌టీ వంటివి ఉన్నాయి, కానీ అవి ఇప్పటికే అందనంత ధరలో ఉన్నాయి. పైగా పాత బండి అమ్మాలంటే సరైన కొనుగోలుదారు దొరికేదాకా నెలల తరబడి ఆగాలి. అత్యవసరానికి చేతికి వచ్చే సొమ్ము కాదది.

బీమా కూడా చూడండి. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ ప్రీమియం 75 నుంచి 150 సి.సి. వరకు 714 రూపాయలు, 150 నుంచి 350 సి.సి. వరకు 1,366 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఇది పెద్ద భారం కాదు. కానీ బండి దొంగల పాలైతేనో, కాలిపోతేనో పరిహారం ఇచ్చే ఓన్ డ్యామేజి పాలసీ ఇంత పాత బండికి ఇవ్వడానికి కంపెనీలు వెనకాడతాయి, ఇచ్చినా మీరు పెట్టిన మొత్తానికి దగ్గరగా విలువ కట్టవు. కనుక పెట్టిన డబ్బు మొత్తానికి రక్షణ మీ ఇంటి తాళమే.

ఇష్టపడి ఖర్చు పెట్టుకోవడం తప్పేమీ కాదు. నా దగ్గర కూడా 1986 నాటి యెజ్డీ రోడ్‌కింగ్ ఉంది. దాని పద్దు ఇంటి ఖర్చుల్లో సరదా కింద రాస్తాను గానీ, ఆస్తుల కింద రాయను. ఇంట్లో కూడా అలాగే చెప్పండి, తర్వాత మాట పడనక్కర్లేదు.

సాగరతీరం (విశాఖపట్నం)

మీ లెక్క చదివాక ఒప్పుకోక తప్పదు. ఆ 45 వేలలో మరమ్మతులు, పోషణ నేను కలపలేదు. అమ్మే ఉద్దేశం లేదు కనుక ఎవరో అడిగిన ధర నాకు లాభం కూడా కాదు. ఇక సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉండేవారికి ఒక మాట: ఖర్చు ఇంజన్‌లో కన్నా తుప్పులో ఎక్కువ. స్పోకులు, రిమ్ముల లోపలి అంచు, ట్యాంకు అడుగు ఏటా చూసుకోవలసిందే.

లేత్ మాస్టారు (విజయవాడ)

అందరికీ నమస్కారం. నేను ఆటోనగర్‌లో లేత్ పని చేసేవాడిని, మా నాన్నగారి కాలం నుంచి ఇదే వృత్తి. మీరందరూ రూపాయల్లో లెక్క వేశారు, అది సరైనదే, కానీ మా వైపు నుంచి చూస్తే అసలు ఖరీదైనది పని తెలిసిన చెయ్యి. అది ఏటా తగ్గిపోతోంది.

ఉదాహరణకు క్రాంక్ సంగతి. కనెక్టింగ్ రాడ్ కిట్ మార్చాలంటే రెండు ఫ్లైవీళ్లను ప్రెస్సు మీద విడదీసి, కొత్త పిన్ను వేసి మళ్లీ నొక్కాలి. ఆ తర్వాత క్రాంక్‌ను రెండు వీ-బ్లాకుల మీద పెట్టి, చివర్లకు డయల్ గేజి ఆనించి చేత్తో తిప్పాలి. ముల్లు ఎటు ఎంత కదులుతోందో చూసి, రాగి సుత్తితో ఫ్లైవీల్ అంచు మీద సరైన చోట ఒక దెబ్బ వేయాలి. మళ్లీ తిప్పి చూడాలి, మళ్లీ కొట్టాలి. మిల్లీమీటరులో వందో వంతులు రెండు మూడింటికి మించి ఊగకూడదు. ఒక్కోసారి అరగంటలో కుదురుతుంది, ఒక్కోసారి పూటంతా పడుతుంది. ఈ పనికి 1,500 అడిగితే ఎక్కువంటారు. సరిగ్గా చేయకపోతే బండి వణుకుతుంది, బేరింగులు అరుగుతాయి, ఆరు నెలల్లో మళ్లీ ఇంజన్ విప్పాల్సి వస్తుంది. నా దగ్గర ఇద్దరు కుర్రాళ్లు నేర్చుకుంటున్నారు, కానీ వాళ్లకు రోజూ పాత బండి పని ఉండదు కనుక, ట్రాక్టర్ల పనీ లారీల పనీ చేస్తేనే ఇల్లు గడుస్తుంది.

బోరు విషయం కూడా చెప్పాలి. పిస్టన్ తెచ్చాకే బోరు చేయించాలి, బోరు చేయించి పిస్టన్ వెతకకూడదు. ఒకే సైజు అని డబ్బా మీద రాసి ఉన్న రెండు పిస్టన్లు మైక్రోమీటర్‌తో కొలిస్తే ఒకటిగా ఉండవు. ఆర్ఎక్స్ వంటి బళ్లకు 0.25 మిల్లీమీటర్ల చొప్పున ఓవర్‌సైజు పిస్టన్లు వస్తాయి. మొదటి సైజుతో సరిపోయే సిలిండర్‌ను తొందరపడి పెద్ద సైజుకు కోయిస్తే, తర్వాతి తరానికి ఆ సిలిండర్‌లో మాంసం మిగలదు. అసలు సిలిండర్ ఇంకొకటి ఎక్కడ దొరుకుతుంది?

క్రోమ్ పూత ధర ఎందుకు పెరిగిందని అడుగుతుంటారు. మంచి పూత అంటే పాత పొర తీసి, మెరుగు పెట్టి, రాగి, నికెల్, ఆపైన క్రోమ్ వేయాలి. ఆ నీళ్లలో ఉండే విషపదార్థాన్ని శుద్ధి చేయకుండా వదలకూడదని కాలుష్య నిబంధనలున్నాయి. అవి ఉండాల్సిందే. చిన్న షాపులు తట్టుకోలేక మూతపడ్డాయి, మిగిలినవాళ్లు ధర పెంచారు. రాగి పొర మానేసి తక్కువకు చేసిచ్చేవాళ్లూ ఉన్నారు, ఆ పూత ఒక వానాకాలానికే పొక్కులు లేస్తుంది.

స్వర్ణముఖి (తిరుపతి)

మాస్టారూ, మీరు రాసింది చదివి చాలా సంతోషం కలిగింది. నేను నడిపేది మా నాన్నగారు 1978లో కొత్తగా కొన్న బుల్లెట్. మొదటి ఆర్‌సి పుస్తకం, మూడు అక్షరాల పాత నంబరు అలాగే ఉన్నాయి. ఒక విషయంలో మాత్రం ఇక్కడి పెద్దలతో నాకు భేదాభిప్రాయం ఉంది. ప్రతి బోల్టూ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలనే పట్టుదల వల్ల చాలా బళ్లు గుడ్డ కప్పుకుని షెడ్డులో నిలబడిపోతున్నాయి. నేను పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించాను. పాత ప్లేటు, పాయింట్లు, కండెన్సర్ జాగ్రత్తగా డబ్బాలో ఉన్నాయి, కావాలంటే ఒక గంటలో మళ్లీ బిగించవచ్చు. హెడ్‌లైటు బల్బు కూడా మార్పించాను, ఎందుకంటే భాకరాపేట ఘాట్‌లో చీకటి పడ్డాక పాత లైటుతో దిగడం నాకే కాదు, ఎదురు వచ్చేవారికీ ప్రమాదమే.

బ్రేకుల గురించి కూడా కొండవీడు గారికి ఎవరూ చెప్పలేదు. ముందు వెనక డ్రమ్ము బ్రేకులే. కొత్త షూలు వేయించి, డ్రమ్ము లేత్ పట్టించి, కేబుల్ మార్పించాక కూడా, ఏబీఎస్ ఉన్న నేటి బండి ఆగినట్టు అది ఆగదు. అదనంగా, కుడికాలి కింద గేరు, ఎడమకాలి కింద బ్రేకు ఉంటాయి, ఒకటో గేరు పైకి, మిగిలినవి కిందికి. కొత్త బళ్లకు అలవాటుపడిన కాలు కంగారులో బ్రేకనుకుని గేరు తొక్కుతుంది. మొదటి నెల ఖాళీ రోడ్ల మీదే నడపండి.

రాణిగంజ్ పాతవాసి (సికింద్రాబాద్)

స్వర్ణముఖి గారి పద్ధతితో నాకు పేచీ లేదు, వెనక్కి తిప్పగలిగిన మార్పు ఏదైనా మంచిదే. నేను వ్యతిరేకించేది ఛాసిస్ కోయడాన్ని, మడ్‌గార్డులు నరకడాన్ని. చట్టం కూడా అందుకు ఒప్పుకోదు, కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది.

ఇప్పుడు కాగితాల సంగతి. దీన్ని బండికన్నా ముందు చూడాలి. 15 ఏళ్లు దాటిన సొంత వాహనానికి ప్రతి 5 ఏళ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, దరఖాస్తు ఫారం 25. మోటార్ సైకిల్‌కు ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 1,000 రూపాయలైంది, 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 2,000 చేశారు. గడువు దాటాక వెళితే నెలకు 300 చొప్పున ఆలస్యపు రుసుము నిబంధనల్లో ఉంది, అంటే ఏడాదికి 3,600. పదేళ్లుగా రెన్యువల్ కాని బండి చవకగా దొరికిందని కొంటే ఆ చవక అక్కడే కరిగిపోతుంది. దీనికి తోడు హరిత పన్ను, పొగ పరీక్ష. 2000 మార్చికి ముందు తయారైన ద్విచక్ర వాహనాలకు కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 4.5 శాతం కనుక, ఇంజన్, కార్బొరేటర్ సవ్యంగా ఉన్న బండి ఆ పరీక్షకు భయపడనక్కర్లేదు. పొరుగు రాష్ట్రం నుంచి తెస్తే ఫారం 28తో ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడ మళ్లీ జీవిత పన్ను. పాత ఆర్‌సి పుస్తకం వివరాలు కంప్యూటరులోకి ఎక్కి ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. ఎక్కకపోతే వాటిని నమోదు చేయించే బాధ్యత అమ్మేవారి మీదే పెట్టండి.

వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి చాలామంది పొరబడుతున్నారు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, ఇంజన్, బాడీలో గణనీయమైన మార్పులు లేని వాహనానికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. రుసుము 20,000, గడువు 10 ఏళ్లు, తర్వాత రెన్యువల్‌కు 5,000. కానీ ఆ నంబరు ఉన్న బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి, సాంకేతిక పరిశోధనకు మాత్రమే బయటికి తీయాలి. కనుక స్వర్ణముఖి గారి బండి 50 ఏళ్లు నిండినా, నడపాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషనే కొనసాగించడం మేలు. వింటేజ్ నంబరు ప్రధానంగా ప్రదర్శనకు ఉంచుకునేవారికి సరిపోతుంది.

మిడ్‌లాండ్స్ తెలుగు (బర్మింగ్‌హామ్)

నేను రెడిచ్‌కు దగ్గరలోనే ఉంటాను కనుక ఇక్కడి పద్ధతి చెబుతాను. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన వాహనానికి రోడ్డు పన్ను మినహాయింపు ఉంది. పెద్ద మార్పులు చేయని పక్షంలో 2018 మే నుంచి ఏటా చేయించే ఎంఓటీ (బండి రోడ్డుకు పనికొస్తుందో లేదో చూసే) పరీక్ష కూడా తప్పనిసరి కాదు. అయినా దాన్ని మామూలుగా రోజూ నడుపుకోవచ్చు. వయసు పెరిగేకొద్దీ భారం తగ్గించే విధానం వల్ల ఇక్కడ పాత బళ్లు రోడ్ల మీద బతికున్నాయి. మన దగ్గర 20 ఏళ్లు దాటితే రుసుము రెట్టింపు కావడం చూస్తే బాధగా ఉంది. 50 ఏళ్ల బండికి గౌరవం ఇచ్చినట్టే ఇచ్చి రోడ్డు ఎక్కనివ్వకపోవడం మీద మీరంతా కలిసి ఒక వినతిపత్రం పంపాలని నా కోరిక.

ఇక్కడి వాళ్లకు మద్రాసు బుల్లెట్ అంటే ఎంతో అభిమానం. 1977లో మన దేశం నుంచి బుల్లెట్లు బ్రిటన్‌కు ఎగుమతి కావడం మొదలైంది, వాటిని నేటికీ నడుపుతున్నవారు ఉన్నారు. నా దగ్గరున్నది మాత్రం బీఎస్ఏ ఎం 20, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యం కోసం 1,26,000 దాకా తయారైన 500 సి.సి. బండి. దానికి స్పానర్లు కూడా వేరే, మన మిల్లీమీటర్ స్పానర్లు కూర్చోవు, పాత బ్రిటిష్ విట్‌వర్త్ కొలతలు కావాలి. యుద్ధం తర్వాత మన దేశంలో మిగిలిపోయిన బ్రిటిష్ బళ్లలో ఏదైనా కొనాలనుకునేవారు ఆ స్పానర్ల ఖర్చు కూడా మొదటే వేసుకోవాలి.

మైసూరు దారి (అనంతపురం)

పెట్రోలు గురించి ఒక హెచ్చరిక. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత కార్బొరేటర్‌లోని రబ్బరు భాగాలు, పెట్రోలు పైపు, ట్యాప్ వాషర్లు దానికి ఉబ్బి మెత్తబడతాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ ఎక్కువైతే నీళ్లతో కలిసి విడిపోయి ట్యాంకు అడుగున చేరుతుంది, అక్కడ తుప్పు మొదలవుతుంది. నెల రోజులకు మించి బండి తీయకపోతే నేను ట్యాప్ మూసి, ఇంజన్ ఆగేదాకా నడిపి కార్బొరేటర్ ఖాళీ చేస్తాను. ఇంకా ఎక్కువ కాలమైతే ట్యాంకు కూడా ఖాళీ చేసి లోపల ఆయిల్ తిప్పుతాను. రబ్బరు పైపులు, వాషర్లు ఇథనాల్‌కు తట్టుకునే రకం వేయించడానికి 1,000 రూపాయలు కూడా కావు.

కొండవీడు (గుంటూరు)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పద్దుల పుస్తకం గారి లెక్కను ఇంట్లో ఉన్నదున్నట్టు చూపించాను. లాభం వస్తుందని నేను చెప్పబోవడం లేదని తెలిశాక చర్చ తేలికైంది. సరదాకు ఏడాదికి ఇంత అని ఒక మొత్తం అనుకున్నాం.

తెనాలిలో ఒక 1983 బుల్లెట్ చూశాను. ఒకే యజమాని, వయసు పైబడి నడపలేక అమ్ముతున్నారు. అడుగుతున్న ధర 1,20,000. ఆర్‌సి పుస్తకంలో ఉన్న నంబరుతో ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు సరిపోయాయి. రిజిస్ట్రేషన్ గడువు మూడేళ్ల కిందట ముగిసింది. చాలా కాలం నిలిపి ఉంచిన బండి, స్టార్ట్ చేయగానే దట్టంగా తెల్లటి పొగ వచ్చి, కాసేపటికి తగ్గిపోయింది. కింద నుంచి కొద్దిగా టక్ టక్ శబ్దం ఉంది. కొనవచ్చా?

రాణిగంజ్ పాతవాసి (సికింద్రాబాద్)

నిలిచి ఉన్న బుల్లెట్ మొదట పొగ వదిలి తర్వాత తగ్గిందంటే అది చాలావరకు భయపడనక్కర్లేని సంగతే. ఆయిల్ ట్యాంకు భాగంలో ఉండాల్సిన ఆయిల్ రోజుల తరబడి నిలబడితే క్రాంక్ గదిలోకి దిగుతుంది, స్టార్ట్ అయ్యాక పంపు దాన్ని వెనక్కి లాగుతుంది. శబ్దం సంగతి మాస్టారు చెప్పాలి. ఛాసిస్ మెడ మీది నంబరుకు పెన్సిలు అచ్చు తీసి ఆర్‌సి పక్కన పెట్టి చూడండి, మళ్లీ గుద్దిన అంకెలైతే వరస, లోతు తేడాగా కనిపిస్తాయి. మూడేళ్ల ఆలస్యానికి 10,800 దాకా పడవచ్చు, రెన్యువల్, హరిత పన్ను వేరు. ఇంజన్ పని ఎలాగూ ఉంది. ఇవన్నీ ఆయనకు మర్యాదగా చెప్పి 95 వేల దగ్గర మొదలుపెట్టండి, లక్షకు మించవద్దు. బండి పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు, ఆధార్ నకలు ఆ రోజే తీసుకోండి, డబ్బు బ్యాంకు ద్వారా ఇవ్వండి. పెద్దాయన దగ్గర పాత టూల్ కిట్, పంపు, విడిగా దాచిన భాగాలు ఏమైనా ఉంటే అడగండి. ఒకే యజమాని ఇళ్లలో అటకల మీద అలాంటివి తరచుగా దొరుకుతాయి.

లేత్ మాస్టారు (విజయవాడ)

ఆ శబ్దం కింద నుంచా, పై నుంచా అన్నది తేల్చాలి. ఇంజన్ వేడెక్కాక యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చి ఒక్కసారిగా వదలండి. వదిలేటప్పుడు టక్ మంటే కనెక్టింగ్ రాడ్ బుష్ అయి ఉండవచ్చు. చల్లగా ఉన్నప్పుడు ఎక్కువగా ఉండి, వేడెక్కాక తగ్గితే పిస్టన్ వదులు. ఎప్పుడూ ఒకే తీరుగా సన్నగా వినిపిస్తే ట్యాపెట్ సర్దుబాటుతో పోతుంది. మొదటిదైతే 15 వేల పని, రెండోదైతే 8 వేలు, మూడోదైతే స్పానర్ పట్టుకున్న పావుగంట. ఈ తేడా తెలియకుండా ధర ఖాయం చేయకండి.

కొన్నాక దాన్ని నడుపుకుంటూ రావద్దు, ఆటోలో వేసుకుని తీసుకురండి. పెయింటు, క్రోమ్ ఇప్పుడే చేయించకండి, ముందు ఇంజన్ పూర్తయి వెయ్యి కిలోమీటర్లు తిరిగి, ఆయిల్ ఎక్కడా కారడం లేదని తేలాక చేయిద్దాం. ఆయిల్ దించేటప్పుడు పాతది పారబోయకుండా ఒక తెల్లటి గిన్నెలో పట్టి ఉంచండి. అందులో ఇత్తడి రంగు పొడి ఉందో, ఇనుప మెరుపు ఉందో చూస్తే ఏ భాగం అరిగిందో విప్పకముందే చాలావరకు తెలిసిపోతుంది.